గ్యారేజ్ తలుపు కింద పిల్లాడుంటే?

మన దగ్గర గ్యారేజ్ అంటే మెకానిక్ షెడ్డు, లేకపోతే ఆర్టీసీ బస్సులు బాగుచేసే చోటు. మా తెనాలిలో "బండి గ్యారేజీలో ఉంది" అన్నారంటే దాని ఇంజన్ విప్పేసి ఉందని అర్థం. కారున్న ఇంట్లో పోర్టికో ఉంటుంది, దాని ముందు ఇనప గేటు ఉంటుంది, అంతే. అందుకే మా అక్కా బావా టెక్సస్‌లో ఆస్టిన్ దగ్గర అద్దె ఇల్లు తీసుకుని వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపిస్తూ "ఇది గ్యారేజ్" అంటే, అమ్మ "ఇంట్లో షెడ్డేంటే?" అంది.

అక్కడ మనవాళ్ళ ఇళ్ళకి గ్యారేజే అసలు సింహద్వారం. ముందు తలుపు పండక్కి మామిడాకులు కట్టడానికి, చుట్టాలు రావడానికి. రోజూ వచ్చేదీ పోయేదీ మాత్రం గ్యారేజ్‌లోంచే. చెప్పులు అక్కడే, సోనామసూరి బియ్యం బస్తా అక్కడే, పచ్చళ్ళు దాచే రెండో ఫ్రిజ్జు అక్కడే, పిల్లాడి మూడు చక్రాల సైకిలూ అక్కడే. ఇంట్లో కదిలే వస్తువులన్నిటిలోకీ పెద్దది ఆ గ్యారేజ్ తలుపే. రెండు కార్లు పట్టే తలుపు మామూలుగా 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. రేకుదైతే 60 నుంచి 100 కిలోల దాకా ఉంటుంది, చెక్కదైతే ఇంకా ఎక్కువ. అంత బరువు రోజుకి నాలుగైదు సార్లు మన నెత్తి మీదుగా పైకీ కిందకీ వెళ్తుంటుంది. అలవాటైపోయాక దాని వైపు ఎవరూ చూడరు.

అక్క రెండో కాన్పుకి అమ్మ ఆరు నెలలు అక్కడ ఉండాలని అనుకున్నాం. బావగారు ఆఫీసుకి, అక్క చెకప్‌లకి వెళ్తే ఇంట్లో మిగిలేది అమ్మ, మూడేళ్ళ చిన్నూగాడు. అమ్మ తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివింది. ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది కానీ మాన్యువల్ చదివి అర్థం చేసుకోమంటే కుదరదు. ప్రయాణానికి నెలన్నర ముందు బావగారు ఫోన్‌లో చూపిస్తూ, "అత్తయ్యగారూ, గోడ మీద ఈ బటన్ నొక్కితే తెరుచుకుంటుంది, మళ్ళీ నొక్కితే మూసుకుంటుంది. అంతేనండీ," అన్నారు.

అమ్మ ఒక్కటే అడిగింది. "అది కిందకి దిగేటప్పుడు కింద చిన్నూగాడుంటే ఏమవుద్ది బాబూ?"

బావగారు అక్క వైపు చూశారు. అక్క "ఆగుద్దిలే అమ్మా" అంది. "ఆగుద్దని ఎవరు చెప్పారు?" అంది అమ్మ. ఎవరూ చెప్పలేదు. వాళ్ళు ఆ ఇంట్లోకి వచ్చి అప్పటికి ఏడాది. "ఒరేయ్, నువ్వు కంప్యూటర్లు చదువుతున్నావుగా, చూసి చెప్పు" అని ఆ ప్రశ్న నా మీద పడింది. కంప్యూటర్ సైన్స్‌కీ తలుపుకీ ఏం సంబంధం అని అప్పుడు అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఉంది.

ముందు తలుపు ఎలా పని చేస్తుందో చెప్తాను. చాలామంది మోటారే తలుపుని ఎత్తుతుందనుకుంటారు. బరువంతా మోసేది స్ప్రింగులు. తలుపు మూసి ఉన్నప్పుడు ఆ బరువుకి సమానమైన శక్తి స్ప్రింగుల్లో బిగించి ఉంటుంది. మోటారు దాన్ని కాస్త పైకో కిందకో నెడుతుందంతే. కాబట్టి స్ప్రింగు బాగుంటే 80 కిలోల తలుపుని మా అమ్మ కూడా చేత్తో ఎత్తగలదు. స్ప్రింగు తెగితే బావగారి వల్ల కూడా కాదు. మామూలు స్ప్రింగు సుమారు 10,000 సార్లు తెరిచి మూయడానికి తయారవుతుంది. రోజుకి ఐదుసార్లు అనుకుంటే ఐదున్నరేళ్ళు. ఆ బిగింపు మన చేతిలో ఊడిందంటే ఎముకలు విరుగుతాయి. అందుకే స్ప్రింగుల్నీ, తలుపు అడుగున మూలల్లో తీగలు కట్టి ఉండే బ్రాకెట్‌లనీ ఇంట్లోవాళ్ళు స్పానర్ పట్టుకుని ముట్టుకోకూడదు. దానికి పని తెలిసిన మనిషి రావాల్సిందే.

ఇక అమ్మ ప్రశ్న. అమెరికాలో ఆ ప్రశ్న ఎందరో తల్లులకి చాలా ఆలస్యంగా ఎదురైంది. ఆటోమేటిక్ తలుపుల కింద ఇరుక్కుని పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత 1990లో అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ప్రతి ఇంటి గ్యారేజ్ మోటారుకీ రెండు రక్షణలు ఉండాలి. ఒకటి, తలుపుకి ఏదైనా తగిలితే అది వెనక్కి పైకి వెళ్ళిపోవాలి. రెండోది, అసలు తగలకముందే పసిగట్టే ఏర్పాటు ఇంకొకటి ఉండాలి. ఎక్కువగా కనపడేది తలుపుకి రెండు పక్కలా ఎదురెదురుగా పెట్టే ఫోటో సెన్సర్లు. ఒకదాన్నుంచి రెండోదానికి కంటికి కనపడని కిరణం వెళ్తుంటుంది. మధ్యలో ఎవరైనా అడ్డం వస్తే తలుపు ఆగి పైకి వెళ్తుంది. ఆ సెన్సర్లు నేల నుంచి 6 అంగుళాలకి మించి ఎత్తులో ఉండకూడదు. కారణం తేలిక. ఎత్తులో పెడితే పాకే పిల్లాడి మీద నుంచి కిరణం వెళ్ళిపోతుంది. ఆ 6 అంగుళాలు రాసినవాళ్ళు పిల్లాణ్ణి కొలిచి రాశారన్నమాట.

బావగారిని ఫోన్ నేల మీదకి దించి తలుపుకి రెండు పక్కలా చూపించమన్నాను. కుడిపక్క ఏం లేదు. ఎడమపక్క సాలెగూడు. కుర్చీ ఎక్కి మోటారు మీద స్టిక్కర్ చదవమన్నాను. తయారైన సంవత్సరం 1991.

తర్వాత ఇంకో పరీక్ష. అక్కడ ఏ ఇంట్లోనైనా నెలకోసారి చేయమని చెప్పేదే. ఒకటిన్నర అంగుళం మందం ఉండే చెక్కని తలుపు దిగే చోట మధ్యలో నేల మీద పడుకోబెట్టాలి. బటన్ నొక్కాలి. చెక్కకి తగలగానే రెండు సెకన్ల లోపు తలుపు వెనక్కి లేవాలి. బావగారు చెక్క పెట్టారు. తలుపు దిగింది, చెక్కకి తగిలింది, అక్కడే ఉండిపోయింది. మోటారు కాసేపు మూలిగి ఆగింది. మేం ఐదుగురం రెండు దేశాల్నుంచి ఆ చెక్క వైపు చూస్తూ కూర్చున్నాం. అమ్మ ఏం మాట్లాడలేదు. చిన్నూగాడు మాత్రం "నాన్నా, మళ్ళీ!" అన్నాడు.

ఇంటి ఓనరుకి మెయిల్ రాయాలి. రాసేముందు నేను రిమోట్ వెనక మూత కూడా తీయమన్నాను. లోపల వరసగా పది చిన్న స్విచ్‌లున్నాయి, కొన్ని పైకి, కొన్ని కిందకి. వాటిని డిప్ స్విచ్‌లంటారు. ఆ పది స్విచ్‌ల వరసే ఇంటి తాళం. ఒక్కోటి పైకైనా ఉండాలి, కిందకైనా ఉండాలి కాబట్టి మొత్తం 1024 తాళాలు. ఇదే నంబర్ ప్రతిసారీ గాల్లోకి వెళ్తుంది, ఎప్పటికీ మారదు.

ఇక్కడే నా బ్రాంచీ, మన క్లబ్బూ కలిశాయి. 2015లో శామీ కామ్‌కార్ అనే అమెరికన్ సెక్యూరిటీ పరిశోధకుడు ఇలాంటి పాత తలుపుల్ని ఎంత సులువుగా తెరవచ్చో చూపించాడు. వాడిన పరికరం పిల్లలు మెసేజ్‌లు పంపుకునే గులాబీ రంగు బొమ్మ, అప్పటికే మార్కెట్లోంచి పోయినది. 8 నుంచి 12 బిట్ల దాకా ఉన్న కోడ్‌లన్నీ మామూలు పద్ధతిలో, మధ్యలో ఆగుతూ, ఒక్కోటీ ఐదేసి సార్లు పంపితే 29 నిమిషాలు పడుతుంది. అతను దాన్ని 8 సెకన్ల పైచిలుకుకి తెచ్చాడు. ఎలాగంటే, కొన్ని రిసీవర్లు తప్పు కోడ్ వస్తే దాన్ని పూర్తిగా పారేసి మళ్ళీ మొదట్నుంచి వినవు. మొదటి బిట్ ఒక్కటే వదిలేసి, తర్వాత వచ్చే బిట్‌ని చివర కలుపుకుని మళ్ళీ సరిచూస్తాయి. అందుకని కోడ్‌లన్నీ విడివిడిగా పంపనక్కర్లేదు, ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఒకే గొలుసుగా పంపితే చాలు. అలాంటి గొలుసుని డి బ్రుయిన్ సీక్వెన్స్ అంటారు. డచ్ గణితవేత్త డి బ్రుయిన్ 1946లో దీని మీద పేపర్ రాశాడు.

అది చదువుతుంటే ఎక్కడో విన్నట్టు అనిపించింది. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే. బళ్ళో తెలుగు పీరియడ్ ఒక్కటే తెలుగు. ఆ పీరియడ్‌లో ఛందస్సు చెప్పేటప్పుడు మాస్టారు బట్టీ పట్టించిన మాట మీకూ గుర్తుండే ఉంటుంది: యమాతారాజభానసలగం. య గణం కావాలంటే య దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు, "యమాతా", లఘువు గురువు గురువు. మ గణం కావాలంటే ఒక్కక్షరం జరిగి "మాతారా", మూడూ గురువులు. అలా ఒక్కో అక్షరం జరుగుతూ పోతే "సలగం" దాకా ఎనిమిది గణాలూ వచ్చేస్తాయి. లఘువుని 0, గురువుని 1 అనుకుని రాస్తే 0111010001. మూడేసి బిట్ల చొప్పున జరుపుకుంటూ చూడండి. 011, 111, 110, 101, 010, 100, 000, 001. మూడు బిట్లతో వచ్చే ఎనిమిదీ ఉన్నాయి, ఒక్కటీ రెండుసార్లు రాలేదు. ఎనిమిది గణాల్ని విడివిడిగా రాస్తే 24 అక్షరాలు, ఇలా రాస్తే 10. మా అక్క ఇంటి తాళానికీ లెక్క అదే. 1024 కోడ్‌లు విడివిడిగా పంపితే 10,240 బిట్లు, గొలుసుగా పంపితే 1,033. పద్యం పాదంలో గణాలు గుర్తుపట్టడానికి మనవాళ్ళు కట్టుకున్న మాటా, దొంగ వాడగల గొలుసూ ఒకే లెక్క! కామ్‌కార్ తన ప్రోగ్రామ్‌ని కావాలనే కాస్త చెడగొట్టి బయటపెట్టాడు, ఎవరో డౌన్‌లోడ్ చేసుకుని పక్కింటి తలుపు తెరవకుండా.

ఈ గోల లేకుండా 1990ల్లోనే రోలింగ్ కోడ్ రిమోట్‌లు వచ్చాయి. అవి నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది, వాడిన కోడ్ మళ్ళీ చెల్లదు. నేను ఇదంతా ఉత్సాహంగా చెప్తే అమ్మ విని, "దొంగ సంగతి సరే. దొంగకి ఇంత లెక్కెందుకు? కారు అద్దం పగలగొట్టి రిమోట్ తీసుకుంటాడు" అంది. నిజమే. రాత్రి కారు బయట ఉంటే రిమోట్ అందులో ఉంచకూడదు. గ్యారేజ్‌లోంచి ఇంట్లోకి వచ్చే చిన్న తలుపుకి గడియ వేయాలి. అద్దెకి దిగిన రోజునే పాత రిమోట్‌ల కోడ్‌లన్నీ చెరిపేయించాలి, పాతవాళ్ళ దగ్గర ఎన్ని ఉన్నాయో మనకి తెలీదు. ఇవి మూడూ ఏ లెక్కా అక్కర్లేని జాగ్రత్తలు.

మెయిల్‌లో నాలుగు ఫోటోలు, 1991 స్టిక్కర్, 1993 రూలు, చెక్క మీద ఆగిన తలుపు వీడియో పెట్టాం. ఓనరు మొదట "పాతికేళ్ళుగా పనిచేస్తోందిగా" అని రాశాడు. అక్క తిరిగి ఒకే వాక్యం రాసింది, తన కొడుకుకి మూడేళ్ళని. వారం తర్వాత మనిషి వచ్చాడు. కొత్త మోటారు, సెన్సర్లు, రోలింగ్ కోడ్ రిమోట్‌లు పెట్టాడు. పైన సాగే రకం స్ప్రింగులుంటే, అవి తెగినప్పుడు ఎగిరి వచ్చి మనిషికి తగలకుండా లోపల్నుంచి ఒక ఉక్కు తీగ వెళ్ళాలి. ఆ తీగ లేదని అతనే చూపించి వేసి వెళ్ళాడు. గోడ బటన్‌ని ఐదడుగుల పైకి, తలుపు కనపడే చోటికి మార్చాడు. మళ్ళీ చెక్క పెట్టి చూశాం, లేచింది. సెన్సర్ల మధ్య అక్క చీపురు పెట్టింది, ఆగి వెనక్కి వెళ్ళింది.

కొత్త మోటారుకి బ్యాటరీ కూడా ఉంది. దాని అవసరం ఏంటంటే, 2017లో ఉత్తర కాలిఫోర్నియాలో కార్చిచ్చులొచ్చినప్పుడు కరెంటు పోయి గ్యారేజ్ తలుపులు తెరవలేక కొందరు ఇళ్ళలో చిక్కుకుపోయారు. ఆ తర్వాత అక్కడ 2019 జూలై నుంచి అమ్మే ప్రతి మోటారుకీ బ్యాటరీ ఉండాలని చట్టం వచ్చింది. మోటారు పట్టాకి ఎర్ర తాడు వేలాడుతుంటుంది. దాన్ని లాగితే తలుపు మోటారు నుంచి విడిపోతుంది, చేత్తో ఎత్తుకోవచ్చు. అయితే తలుపు మూసి ఉన్నప్పుడే లాగాలి. తెరిచి ఉండగా, స్ప్రింగు తెగి ఉండగా లాగితే తలుపంతా ఒక్కసారిగా కిందపడుతుంది.

టెక్సస్‌లో కరెంటు అనగానే అందరికీ గుర్తొచ్చేది 2021 ఫిబ్రవరి మంచు తుఫాను. గడ్డకట్టే చలిలో లక్షల ఇళ్ళకి కరెంటు లేదు. వెచ్చదనం కోసం కొందరు గ్యారేజ్‌లో కారు స్టార్ట్ చేసి కూర్చున్నారు, కొందరు బొగ్గుల పొయ్యిలు లోపలికి తెచ్చుకున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. ఆ వారంలో ఆ వాయువు వల్ల చనిపోయినవాళ్ళున్నారు. పెద్ద తలుపు తెరిచి ఉన్నా సరే, ఇంటిని ఆనుకున్న గ్యారేజ్‌లో కారు నడుస్తూ ఉండకూడదు. ఆ వాయువు చిన్న తలుపు సందుల్లోంచి పడకగదికి వచ్చేస్తుంది. పడకగదుల దగ్గర దాని అలారం ఉండాలి. అక్క ఇంట్లో అలారం ఉంది, బ్యాటరీ లేదు. బ్యాటరీ వేయించాం.

తలుపు బాగుపడింది. కానీ అమ్మకి ఇవన్నీ ఎవరు చెప్తారు? మాన్యువల్ ఇంగ్లిష్, స్పానిష్‌లో ఉంది. ఫోన్‌లో ఒక అనువాదం యాప్‌తో తెలుగులోకి మారిస్తే "తక్షణ తిరోగమన యంత్రాంగమును ధృవీకరించుము" అని వచ్చింది. "ఇది తెలుగేనా?" అంది అమ్మ. అప్పుడు నేనూ అమ్మా కూర్చుని మా సొంత కాగితం రాసుకున్నాం. నేను చెప్పాను, మాటలు అమ్మ ఎంచింది. సెన్సర్లు అమ్మకి "కళ్ళు". వెనక్కి లేవడం "అడ్డం తగిలితే పైకి పోవడం". నెలకోసారి అని నేనంటే, "నెలకోసారి అంటే ఎప్పుడో ఒకప్పుడని మర్చిపోతాం, అమావాస్య అని రాయి" అంది. ఆ కాగితం ఇప్పుడు బటన్ పక్కన అంటించి ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టు:

చిన్నూ చెయ్యి నా చేతిలో ఉంటేనే బటన్ నొక్కాలి.

తలుపు పూర్తిగా మూసుకునే దాకా అక్కడే నిలబడి చూడాలి. దిగే తలుపు కింద నుంచి పరిగెత్తకూడదు, పెద్దవాళ్ళైనా.

రిమోట్ ఆటవస్తువు కాదు. ఏడ్చినా ఇవ్వకూడదు.

తలుపు పలకల సందుల్లో వేళ్ళు పెట్టకూడదు. చేత్తో లాగాల్సి వస్తే పిడి పట్టుకునే.

ప్రతి అమావాస్యకీ చెక్క పెట్టి ఒకసారి, కళ్ళ మధ్య చీపురు పెట్టి ఒకసారి చూడాలి. పైకి పోకపోతే ఆ రోజు నుంచి తలుపు వాడకూడదు.

పైన తుపాకీ పేలినట్టు చప్పుడైతే స్ప్రింగు తెగినట్టు. బటన్ నొక్కకూడదు, తాడు లాగకూడదు, అల్లుడికి ఫోన్ చేయాలి.

కరెంటు లేకపోతే, తలుపు మూసి ఉంటేనే ఎర్ర తాడు.

గ్యారేజ్‌లో కారు ఆన్‌లో ఉంచకూడదు. పడుకునే ముందు చిన్న తలుపు గడియ.

తొమ్మిదో తరగతిలో వ్యాసరచన పోటీకి తప్ప నేను తెలుగులో ఒక పేజీ రాయలేదు. ఒక మనిషి ప్రాణం కోసం రాసిన మొదటి తెలుగు పేజీ ఇది. మన భాషలో మాన్యువల్ రాలేదని ఎవరినీ తిట్టలేను, ఒక సాయంత్రం కూర్చుంటే మనమే రాసుకోవచ్చు.

మన ఇళ్ళలో గ్యారేజ్ లేదుగా అనుకుంటారేమో. పక్కకి జరిగే ఇనప గేటు ఉంది కదా! చక్రాల మీద పట్టాలో నడిచే ఆ గేటు నిలబడేది పైన పట్టుకునే గైడు వల్ల, చివర్లో ఆపే స్టాపర్ వల్ల. స్టాపర్ ఊడిపోతే ఒక్క తోపుకి గేటు గైడు దాటి బయటికి పోయి మొత్తం మనిషి మీద పడుతుంది. దాని మీద ఎక్కి ఊగేది పిల్లలే. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మా వీధిలో ఐదు గేట్లు చూశాను. రెండిటికి స్టాపర్ లేదు, అందులో ఒకటి మా పెదనాన్నగారిది. వెల్డింగ్ షాపతను వచ్చి అరగంటలో ఇనప ముక్క అతికించి వెళ్ళాడు. ఈసారి మీరు ఇంటికెళ్ళినప్పుడు గేటు చివరిదాకా మెల్లగా జరిపి చూడండి. మీ అమ్మావాళ్ళు అమెరికా వెళ్తుంటే పై కాగితం కాపీ చేసుకోండి, చిన్నూ పేరు తీసి మీ పిల్లాడి పేరు రాసుకోండి. అమావాస్య మాత్రం అలాగే ఉంచండి, మా అమ్మ ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు.